ఆస్తమా ఆయాసం ముదిరినప్పుడు పంపా, సిరప్పా?

అందరికీ నమస్కారం. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు నుంచి ఆదివారం పూట పిల్లల్ని వెంటేసుకుని ఇంతమంది వచ్చారంటే, బెంగళూరు చలి, పుప్పొడి మన ఇళ్లలో ఏం చేస్తున్నాయో తెలుస్తూనే ఉంది.

క్లినిక్‌లో నేను తరచూ వినే మాట ఒకటుంది. "డాక్టర్ గారూ, స్టెరాయిడ్ సిరప్ మాత్రం తాగించొద్దండీ. కావాలంటే రోజూ పీల్చే ఇన్‌హేలర్ పంపునే ఇంకో నాలుగు పఫ్‌లు కొడతాం." పంపులో ఉన్నదీ స్టెరాయిడే కదా, కాస్త ఎక్కువ కొడితే సరిపోదా అని వాళ్ల ఆలోచన. అడగాల్సిన ప్రశ్నే.

ఈ ప్రశ్ననే టొరంటోలోని పిల్లల ఆసుపత్రి డాక్టర్లు పరీక్షించి చూశారు. ఫలితాలు 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఆయాసం బాగా ముదిరి ఎమర్జెన్సీకి వచ్చిన, అయిదేళ్లు దాటిన 100 మంది పిల్లలు. సగం మందికి స్పేసర్‌తో, అంటే పంపుకి తగిలించే గొట్టంతో, 2 మిల్లీగ్రాముల ఫ్లూటికాసోన్ అనే పీల్చే స్టెరాయిడ్ ఇచ్చారు. అది చిన్న మోతాదేం కాదు. మిగతా వాళ్లకు కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల చొప్పున ప్రెడ్నిసోన్ అనే మింగే స్టెరాయిడ్ ఇచ్చారు. నాలుగు గంటల తర్వాత ఊది చూస్తే, మింగిన పిల్లల ఊపిరి బలం, ఉండాల్సిన దాంట్లో శాతంగా లెక్కేస్తే, దాదాపు 19 పాయింట్లు పెరిగింది, పీల్చినవాళ్లది 9 పాయింట్ల చిల్లర. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది మింగినవాళ్లలో 10 శాతాన్ని, పీల్చినవాళ్లలో 31 శాతాన్ని. నాకైతే ఈ చివరి లెక్కే ముఖ్యం. రాత్రంతా వార్డులో కూర్చునేది తల్లే కదా!

ఎందుకిలా అంటే, గాలి గొట్టాలు వాచి, కఫంతో పూడుకుపోయినప్పుడు పీల్చిన మందు అసలు చోటికి చేరడం కష్టం. మింగిన మందు రక్తంలో కలిసి వెళ్తుంది, దానికి ఆ అడ్డు లేదు. అయితే అది పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మొదటి గంటలోనే ఇచ్చేస్తాం. ఈలోపు ఊపిరి ఆడించేది సాల్బుటమాల్, అంటే గాలి గొట్టాల్ని త్వరగా తెరిచే పంపు మందు.

దీన్ని విని ఇంటికెళ్లి రోజూ వాడే స్టెరాయిడ్ పంపు పక్కన పడేయకండి. అటాక్ రాకుండా కాపాడేది అదే. అటాక్ వచ్చాక సిరప్ పని వేరు.

ఇక భయం సంగతి. అటాక్‌కి ఇచ్చే కోర్సు మామూలుగా మూడు నుంచి అయిదు రోజులు. ఆ రోజుల్లో పిల్లాడికి ఆకలి పెరగొచ్చు, చిరాకు పడొచ్చు, నిద్ర సరిగా పట్టకపోవచ్చు. నెలల తరబడి వాడితే వచ్చే ఇబ్బందులు వేరు, వాటిని దీనికి అంటగట్టొద్దు. కానీ కోర్సులు మళ్లీ మళ్లీ అవసరమవుతున్నాయంటే రోజువారీ మందు సరిపోవట్లేదన్నమాట, లేదా స్పేసర్ వాడే పద్ధతిలో తేడా ఉంది. అప్పుడు తప్పకుండా చూపించండి.

డొక్కలెగరేస్తున్నా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఇంట్లో ఏ మందు అని చర్చ పెట్టకండి. సాల్బుటమాల్ కొడుతూనే ఆసుపత్రికి బయల్దేరండి. సిరప్ చేదు కాబట్టి కొందరు కక్కేస్తారు. అలా అయితే అక్కడి డాక్టర్‌కి ఆ మాట చెప్పండి, మళ్లీ ఇస్తారు, లేదంటే ఇంకో మందుకి మారుస్తారు.