మిగ్-15 జర్మన్ కాపీయేనా?

స్క్రీన్ మీద రెండు బొమ్మలు పెట్టాను, చూడండి. ఎడమ పక్కది జర్మనీ ఫొకె-వుల్ఫ్ కంపెనీ టీఏ-183. ఫొటో కాదండీ, డ్రాయింగే. కాగితం దాటకముందే రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది, ఆ విమానం ఎప్పుడూ ఎగరలేదు. కుడి పక్కది రష్యావాళ్ల జెట్ ఫైటర్ మిగ్-15, మొదటిసారి ఎగిరింది 1947 డిసెంబర్ 30న. ముక్కుకి పెద్ద రంధ్రం, పీపాలాంటి ఒళ్లు, వెనక్కి వాలిన రెక్కలు. చూడగానే పక్కా జిరాక్స్ అంటాం. నేనూ చాలాకాలం అదే అన్నాను.

నాకు అనుమానం వచ్చింది తోక దగ్గర. జూమ్ చేస్తున్నా. జర్మన్ బొమ్మలో అడ్డ తోక నిలువు తోక నెత్తినెక్కి కూర్చుంది. మిగ్‌లో అంత పైకి పోలేదు. ఇప్పుడు రెక్క మీదికి రండి. ఒక్కో రెక్క మీద రెండేసి రేకులు నిలబెట్టారు, కనబడుతున్నాయా? రెక్క వెనక్కి వాలితే గాలి చివరల వైపు జారి, అక్కడ పట్టు తప్పుతుంది. పొలానికి గట్టు వేసినట్టు, దానికి అడ్డుకట్టలివి. అమెరికా జెట్ ఫైటర్ సేబర్‌కీ ఇదే జబ్బు, వాళ్లు రెక్క ముందంచున జారే పలకలు పెట్టుకున్నారు. సేబర్ రెక్క వాలు కూడా మిగ్ లాగే 35 డిగ్రీలే, పైగా అది మిగ్ కంటే మూడు నెలల ముందే ఎగిరింది.

మరి సేబర్ ఎవరి కాపీ? జర్మన్ల పరిశోధన కాగితాలు అమెరికాకీ దొరికాయి, రష్యాకీ దొరికాయి. అసలు వాలు రెక్క సంగతి జర్మన్ శాస్త్రవేత్త బుజెమాన్ 1935లోనే రోమ్ సభలో అందరి ముందూ చెప్పేశాడు.

అలాగని కాపీ జరగలేదా? బాజాప్తా జరిగింది! కాకపోతే రెక్కలో కాదు, కడుపులో. 1946లో బ్రిటన్ ప్రభుత్వమే రోల్స్‌రాయిస్ నీన్ ఇంజిన్లు రష్యాకి అమ్మడానికి ఒప్పుకుంది. రష్యావాళ్లు వాటిని విప్పి, కొలిచి, లైసెన్సూ గిసెన్సూ లేకుండా ఆర్‌డీ-45 అని సొంతంగా చేసేసుకున్నారు. నీన్‌లో గాలిని నొక్కే చక్రం దాన్ని చుట్టుపక్కలకి విసురుతుంది, అందుకే ఆ ఇంజిన్ లావు. లావు ఇంజిన్ చుట్టూ కడితే ఒళ్లు పీపాలా కాక సన్నగా ఎలా వస్తుంది చెప్పండి?

ఇంకో ముచ్చట. ఫొకె-వుల్ఫ్ డిజైన్ పెద్ద కుర్ట్ టాంక్ యుద్ధం తర్వాత రష్యా వెళ్లలేదు, అర్జెంటీనా వెళ్లాడు. అక్కడ పుల్కీ-2 కట్టాడు. దాంట్లో కూడా నీన్ ఇంజినే, అడ్డ తోక మళ్లీ నెత్తి మీదే. టీఏ-183కి అసలైన తమ్ముడు కావాలంటే అదీ.

ఆ తర్వాత ఆయన వచ్చింది మన బెంగళూరు విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్‌కి. ఇక్కడ ఆయన డిజైన్ చేసిన జెట్ ఫైటర్ మారుత్ 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది. ఇదిగో ఫొటో. రెండు ఆర్ఫియస్ ఇంజిన్లు పక్కపక్కన, సన్నటి పొడుగాటి ఒళ్లు, గాలి పీల్చే నోళ్లు ముక్కుకి కాదు, రెండు పక్కలా. మిగ్-15 పక్కన పెడుతున్నా. చుట్టరికం ఎక్కడైనా కనిపిస్తే నాకూ చూపించండి.