కుక్క కరిస్తే పరిహారం ఎవరిని అడగాలి?

శ్రోతలకు నమస్కారం.

మన వాడల్లో పెంపుడు కుక్క కరిస్తే వెంటనే జరిగేది రాజీ. యజమాని వచ్చి "మా కుక్క ఎప్పుడూ ఇలా చేయలేదన్నా" అంటాడు, సూదుల ఖర్చుకని అయిదు వందలు చేతిలో పెడతాడు. ఇరుగుపొరుగు కదా అని మనం సరే అంటాం. నెల తిరిగేసరికి కూలి పోయి ఉంటుంది, పిల్ల కాలి మీద మచ్చ మిగిలి ఉంటుంది. మళ్లీ అడిగితే "ఆ రోజే ఇచ్చాం కదా" అంటారు. ఇచ్చింది ఎంతో, ఎందుకో రాసిన కాగితం ఎవరి దగ్గరా ఉండదు. ఈ అన్యాయం నన్ను బాధపెడుతుంది. చట్టం బాధితుడి వైపు ఉన్నా, దాన్ని వాడుకోవడానికి కావలసిన ఆధారాలు మొదటి రోజే చేజారిపోతున్నాయి.

అన్నిటికంటే ముందు ప్రాణం. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసరు, కారం, సున్నం పెట్టకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం, కాబట్టి ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికో వెళ్లండి. లోతైన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ క్రిమిని వెంటనే అడ్డుకునే మందు) కూడా ఇస్తారు. అక్కడ ఇచ్చే ఓపీ చీటీని పారేయకండి. కరిచింది కుక్కేనని, ఎక్కడ, ఎంత లోతుగా కరిచిందో అందులో రాయమని డాక్టరుగారిని అడగండి. కట్టు కట్టకముందే, పక్కన స్కేలు పెట్టి గాయాన్ని ఫోటో తీయండి.

స్కేలు ఎందుకంటే, 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఒక తీర్పులో పరిహారానికి కొలత పెట్టింది. ఒక్కో పంటి గాటుకు కనీసం 10,000 రూపాయలు, కండ ఊడివస్తే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం 20,000. ఆ తీర్పు తెలంగాణలో నేరుగా అమలు కాదు. అయినా మన న్యాయవాది దాన్ని కోర్టు ముందు ఉంచి వాదించవచ్చు. గాయం కొలతే లేకపోతే ఆ వాదనకు బలం ఉండదు.

పెంపుడు కుక్క అయితే రెండు దారులున్నాయి, రెండింటిలోనూ ఒకేసారి నడవవచ్చు. మొదటిది పోలీసు ఫిర్యాదు. నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనిషికి ప్రాణాపాయమో తీవ్ర గాయమో కలిగే ప్రమాదం ఉన్నా తగిన జాగ్రత్త తీసుకోని వ్యక్తికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. రెండోది నష్టపరిహారం కోరుతూ సివిల్ దావా. మందుల బిల్లులు, ఆసుపత్రికి ఆటో కిరాయి, పోయిన కూలి, పడిన నొప్పి, మిగిలిన మచ్చ అన్నీ అడగవచ్చు. పత్తి ఏరే పనికో, మిర్చి యార్డులో హమాలీ పనికో వెళ్లే మనిషికి జీతం చీటీ ఉండదు. అలాంటప్పుడు మేస్త్రీ సాక్ష్యం, హాజరు పుస్తకం పనికొస్తాయి.

దావాలో యజమానిని ఎక్కువగా ఇరుకున పెట్టేది ఒక్క ప్రశ్న: ఆ కుక్క మీద పడుతుందని ఆయనకు ముందే తెలుసా? తెలిసీ గేటు తీసి వదిలితే తప్పించుకోవడం కష్టం. అందుకే పాలు పోసే ఆయనను, పేపరు వేసే అబ్బాయిని కలవండి. ఆ కుక్క వారిని ఇంతకుముందు తరిమి ఉండవచ్చు, కరిచి ఉండవచ్చు. మనమే దాన్ని రాయితో కొట్టి రెచ్చగొట్టామని అవతలివారు నిరూపిస్తే మాత్రం పరిహారం తగ్గవచ్చు.

రాజీ పడటం తప్పు కాదు. ఆఖరి టీకా అయ్యాక, మొత్తం ఖర్చు తేలాక, రాతపూర్వకంగా చేసుకోండి. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీకి, అంటే సివిల్ దావాలో ఇచ్చే తీర్పు ఉత్తర్వుకు ఉన్నంత విలువ ఉంటుంది.

వీధికుక్కల సంగతి వేరు. 2023 మే నెలలో కాజీపేటలో ఎనిమిదేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ కుక్కలకు యజమాని లేడు, అంతమాత్రాన బాధ్యత ఎవరికీ లేదనడం నేను ఒప్పుకోను. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించే బాధ్యత నగరపాలక సంస్థ, పురపాలక సంఘం, గ్రామ పంచాయతీ వంటి స్థానిక సంస్థలదే. మీ వీధిలో కుక్కల బెడద గురించి ముందే అర్జీ పెట్టి, ముద్ర వేసిన రసీదు దాచుకుంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు "మాకు తెలియదు" అనే మాట చెల్లదు. పరిహారం కోసం హైకోర్టులో రిట్, అంటే ఆ సంస్థ తన బాధ్యత చేయలేదని పిటిషన్ వేయవచ్చు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చు, రుసుము లేదు. అయితే కమిషన్ చేసేది సిఫారసు మాత్రమే.

వకీలు ఫీజుకు భయపడి ఆగిపోకండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకు ఓపీ చీటీ, ఫోటోలు, రసీదులు తీసుకుని వెళ్లండి. వెళ్లలేనివారు 15100కు ఫోన్ చేయండి.