పై లైను కూడా చూడండి

అందరికీ నమస్కారం. ఈ వర్క్‌షాప్‌లో మొదటి గంట నాకివ్వండి, ఎర్రర్ల గురించి నేనే మాట్లాడతానని అడిగి తీసుకున్నాను. కారణం చెప్తాను. ఇలాంటి క్లాసులోనే ఒకసారి ఒక అమ్మాయి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, టైప్ చేసిన మాటకు జవాబిచ్చే 12 లైన్ల చాట్‌బాట్ రాసింది. రన్ చేస్తే ఎర్రర్ వచ్చింది. ఆరో లైను కింద బాణం గుర్తు చూపించింది. ఆ అమ్మాయి ఆరో లైను చెరిపి మళ్ళీ రాసింది. మళ్ళీ అదే ఎర్రర్. మళ్ళీ చెరిపింది. అరగంట తర్వాత నేను ఆమె దగ్గరికి వెళ్ళేసరికి కళ్ళలో నీళ్ళు. "ఇది నా వల్ల కాదేమో సార్" అంది. నిజానికి ఆరో లైనులో ఏ తప్పూ లేదు. ఐదో లైను చివర బ్రాకెట్ మూయలేదు, అంతే. ఆ సంగతి ముందే ఒకరు చెప్పి ఉంటే ఆమెకు ఆ అరగంట టెన్షన్ తప్పేది. ఆ తప్పు నాది. మీ విషయంలో అది మళ్ళీ జరగకూడదు.

స్క్రీన్ మీద ఉన్నది దాదాపు అదే ప్రోగ్రాం. మన చాట్‌బాట్ పేరు మైనా. మొదటి లైను ప్రింట్, నమస్తే చెప్తుంది. రెండో లైను వైల్ ట్రూ, చివర కోలన్, అంటే రెండు చుక్కల గుర్తు. అంటే ఆపమనేదాకా తిరుగుతూ ఉండు అని. మూడో లైనులో ఇన్‌పుట్‌తో మన మాట తీసుకుంటుంది. నాలుగో లైను ఇఫ్: మాట "హాయ్" అయితే, ఐదో లైనులో "హలో" అంటుంది. ఆరో లైను ఎలిఫ్, అంటే అది కాకపోతే: మాట "పేరు" అయితే, ఏడో లైనులో తన పేరు చెప్తుంది. ఎనిమిదిలో ఇంకో ఎలిఫ్: మాట "బై" అయితే, తొమ్మిదిలో "వెళ్ళొస్తా" అని, పదో లైనులో బ్రేక్‌తో బయటికి వస్తుంది. పదకొండు ఎల్స్, అంటే ఇవేవీ కాకపోతే, పన్నెండు "నాకు అర్థం కాలేదు".

ఇంత చిన్నదాన్ని చాట్‌బాట్ అనొచ్చా అని అడుగుతారేమో. అనొచ్చు. అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసిన ఎలైజా అనే చాట్‌బాట్ గురించి ఆయన వ్యాసం 1966లో వచ్చింది. అది కూడా మనిషి టైప్ చేసిన వాక్యంలో కొన్ని మాటలు వెతికి, వాటికి తగ్గ జవాబు అల్లేది. మన మైనా ఆ వంశంలో చాలా చిన్న పిల్ల.

ఇప్పుడు ఎర్రర్ దగ్గరికి వద్దాం. మొట్టమొదట గమనించాల్సింది ఒకటుంది: "నమస్తే" పడిందా, లేదా? సింటాక్స్ తప్పు, అంటే భాష రాత నియమాల్లో తప్పు ఉంటే పైథాన్ ఒక్క లైను కూడా నడపదు. ముందు ఫైలంతా చదువుతుంది, వాక్య నిర్మాణం కుదరకపోతే అక్కడే ఆగిపోతుంది. కాబట్టి "నమస్తే" పడిన తర్వాత ఎర్రర్ వచ్చిందంటే మీ కోలన్లూ బ్రాకెట్లూ బాగానే ఉన్నాయి, సమస్య ఇంకెక్కడో ఉంది. "నమస్తే" కూడా పడలేదంటే రాతలోనే ఏదో తేడా ఉంది. ఈ ఒక్క చూపుతో వెతకాల్సిన చోటు సగం తగ్గిపోతుంది.

ఇక ఆ అమ్మాయి ఐదో లైను. బ్రాకెట్ తెరిచి మూయకపోతే, పైథాన్ దృష్టిలో ఆ వాక్యం ఇంకా పూర్తి కాలేదు. కింది లైను కూడా ఆ బ్రాకెట్ లోపలిదే అనుకుని చదువుకుంటూ పోతుంది. ఆరో లైనులో ఎలిఫ్ కనబడగానే, బ్రాకెట్ లోపల ఎలిఫ్ ఎలా వస్తుందని అక్కడ ఆగుతుంది. అందుకే బాణం ఆరో లైను దగ్గర ఉంటుంది. పైథాన్‌కి ఎక్కడ అర్థం కాకుండా పోయిందో ఆ చోటును బాణం చూపిస్తుంది. మన చెయ్యి తప్పింది చాలాసార్లు దానికి పై లైనులోనే. 2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10 నుంచి ఈ సందేశాలు బాగా మెరుగుపడ్డాయి. ఇప్పుడైతే ఐదో లైనునే చూపించి, ఈ బ్రాకెట్ మూయనే లేదని చెప్తుంది. కోలన్ మరిచిపోతే కోలన్ ఉండాలని చెప్తుంది. మీ ల్యాబ్‌లో పాత వర్షన్ ఉంటే మాత్రం ఇలాంటి తప్పులకు చాలావరకు "ఇన్‌వాలిడ్ సింటాక్స్" అనే రెండు మాటలే వస్తాయి. అప్పుడు బాణం ఉన్న లైను ఒకసారి, దాని పై లైను రెండుసార్లు చదవండి.

ఇంకో మాట. పైథాన్ సింటాక్స్ తప్పుల్ని ఒకేసారి అన్నీ చెప్పదు. మొదటిది కనబడగానే ఆగిపోతుంది. మీరు నాలుగో లైను సరిచేసి రన్ చేస్తే ఎనిమిదో లైనులో కొత్త ఎర్రర్ వస్తుంది. చాలామంది అక్కడ భయపడి, నేనేదో ఇంకా పాడుచేశానని పాత తప్పును మళ్ళీ తెచ్చిపెట్టుకుంటారు. ఎర్రర్ కిందికి జరిగిందంటే మీరు ముందుకు వెళ్ళారని అర్థం. దయచేసి వెనక్కి తిప్పకండి.

ఇప్పుడు ఇండెంటేషన్, అంటే లైను మొదట్లో వదిలే ఖాళీ. మీలో ఎక్కువమంది సీ లాంగ్వేజ్ నేర్చుకుని వచ్చారు. అక్కడ ఏది దేని లోపల ఉందో మీసాల బ్రాకెట్లు చెప్తాయి, లైను మొదట్లో ఖాళీ మన ఇష్టం. చిన్నప్పుడు బళ్ళో వేలు పెట్టి అంత చోటు వదిలి పేరా మొదలుపెట్టమనేవారు గుర్తుందా? వదలకపోయినా అర్థం మారేది కాదు. పైథాన్‌లో మారుతుంది. గైడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేస్తూ 1991లో పైథాన్‌ని విడుదల చేశాడు. అంతకుముందు అక్కడే ఏబీసీ అనే బోధనా భాష మీద పనిచేశాడు, ఖాళీతో బ్లాకులు, అంటే ఒకదాని లోపల ఉండే లైన్ల గుంపులు, చూపే పద్ధతి అక్కడినుంచే తెచ్చాడు. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. కంటికి ఎలా కనబడుతోందో అర్థం కూడా అదే అవుతుంది కాబట్టి.

సీ అలవాటుతో వచ్చేవాళ్ళు ఎలిఫ్ బదులు ఎల్స్ ఇఫ్ అని రాస్తారు. ఏ భాష నుంచి వచ్చినా కొత్తలో ఒకటే ఈక్వల్ పెట్టాల్సిన చోట రెండు, రెండు పెట్టాల్సిన చోట ఒకటి పెడతారు. ఇవి రెండు రోజుల్లో పోతాయి. ఖాళీల తప్పులు అంత త్వరగా పోవు, అందుకే వాటి మీద కాస్త ఆగుతాను.

కోలన్ తర్వాతి లైను లోపలికి జరగకపోతే "ఎక్స్‌పెక్టెడ్ యాన్ ఇండెంటెడ్ బ్లాక్" అంటుంది. కారణం లేకుండా జరిగితే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇండెంట్". నాలుగు స్పేసులతో లోపలికి వెళ్ళి, మూడు స్పేసులే వెనక్కి వస్తే, ఆ లైను పైనున్న ఏ మెట్టుకూ చెందదు కాబట్టి "అన్‌ఇండెంట్ డజ్ నాట్ మ్యాచ్" అని మొదలయ్యే వాక్యం వస్తుంది. ట్యాబ్, స్పేసులు కలిపితే ట్యాబ్ ఎర్రర్. ఈ చివరిది అన్యాయంగా అనిపిస్తుంది, ఎందుకంటే స్క్రీన్ మీద అన్నీ వరసగానే కనబడతాయి. ఎడిటర్‌లో స్పేసులు చుక్కల్లా, ట్యాబ్ బాణంలా కనబడే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేయండి. మెట్టుకు నాలుగు స్పేసులు అనేది 2001 నుంచీ ఉన్న పైథాన్ శైలి నియమం. ట్యాబ్ నొక్కితే నాలుగు స్పేసులు పడేలా ఎడిటర్‌ని పెట్టుకోండి.

ఐదో లైనుకూ ఆరో లైనుకూ మధ్య ఒక కొత్త ప్రింట్‌ని ఇఫ్‌తో సమానంగా పెట్టారనుకోండి. ఇఫ్ అక్కడితో ముగిసిపోతుంది. తర్వాత వచ్చిన ఎలిఫ్‌కి పై సంబంధం తెగిపోయింది. బాణం ఎలిఫ్‌ని చూపిస్తుంది. తప్పు మళ్ళీ పై లైనులోనే.

ఎర్రర్ రాని ఖాళీ తప్పులు ఇంకా కష్టం. మూడో లైను, అంటే ఇన్‌పుట్, వైల్‌కి పైన పడిందనుకోండి. రాత పరంగా అంతా సరైనదే. "హాయ్" అంటే మైనా "హలో" అంటుంది, మళ్ళీ అంటుంది, స్క్రీన్ నిండా "హలో" లు పరుగెడతాయి. మాట ఒక్కసారే తీసుకుంది, జవాబు మాత్రం వైల్ తిప్పే లూప్‌లో ఉంది. కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగుతుంది. ఆపాక ప్రతి లైను ముందూ వేలు పెట్టి, ఇది ఎన్నిసార్లు జరగాలి, ఏ షరతు కింద జరగాలి అని బిగ్గరగా అడగండి. నేను ఇప్పటికీ అలాగే చదువుతాను.

ఇక తెలుగులో చాట్‌బాట్ రాసేవాళ్ళకు వచ్చే చిక్కు. ఒక అబ్బాయి రాసిన మైనా, అతను "హాయ్" అని టైప్ చేసినా "నాకు అర్థం కాలేదు" అనేది. ఎర్రర్ లేదు, ఖాళీలు సరిగ్గా ఉన్నాయి. రెండు "హాయ్"లూ కంటికి ఒక్కటే. లెన్‌తో పొడవు కొలిపించాను. కోడ్‌లో ఉన్నదానికి 4 వచ్చింది: హ, దీర్ఘం, య, పొల్లు. టైప్ చేసినదానికి 5. చాట్‌బాట్ అని రాసేటప్పుడు బా అనే అక్షరం ట కింద ఒత్తుగా చేరిపోకుండా మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత దాన్ని తామే చేరుస్తాయి. మాటకు అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసే స్ట్రిప్‌తో అది పోదు, ఎందుకంటే పైథాన్ దాన్ని ఖాళీగా లెక్కపెట్టదు. రీప్లేస్‌తో తీసేయాలి. అదే గుర్తు, విలువను దాచుకునే వేరియబుల్‌కి తెలుగులో పెట్టిన పేరులో పడితే మాత్రం కనబడని అక్షరం ఉందని సింటాక్స్ ఎర్రరే వస్తుంది. డాక్యుమెంట్‌లో టైప్ చేసిన కోడ్‌ని కాపీ చేసినప్పుడు వంకర తిరిగిన కొటేషన్ గుర్తులతోనూ ఇదే గొడవ. వాటిని చెరిపి ఎడిటర్‌లోనే మళ్ళీ కొట్టండి.

నా మాటలు ఇక చాలు. మీ అందరి సిస్టమ్స్‌లో మైనా ఫైలు ఉంది. అందులో నాలుగు తప్పులు పెట్టాను. మూడిటికి ఎర్రర్ వస్తుంది, ఒకదానికి రాదు. దేన్నీ చెరిపి మొదటినుంచి రాయకండి. రన్ చేయండి, "నమస్తే" పడిందా చూడండి, కింది సందేశం చదవండి, తర్వాత పై లైను. నేను వరసల మధ్య తిరుగుతూ ఉంటాను, ఇరుక్కుపోతే అరగంట ఆగకుండా వెంటనే చెయ్యి ఎత్తండి.