డే కేర్‌లో మహమ్మారి జాగ్రత్తలు: గాలి, గుంపులు, బ్లీచ్ కలిపే కొలత

నమస్కారం అండి. ఈ వీడియో డే కేర్ నడిపేవాళ్లకి, అందులో పనిచేసే టీచర్లకి, ఆయాలకి. కోవిడ్ లాంటి మహమ్మారి నడుస్తున్నప్పుడు పెద్దవాళ్లకైతే దూరం దూరంగా కూర్చోండి అని చెప్పొచ్చు, రెండేళ్ల పిల్లకి ఆ మాట చెప్పి ఏం లాభం, ఏడిస్తే ఎత్తుకోవాలి, ముక్కు కారితే తుడవాలి, డైపర్ మార్చాలి. కాబట్టి దూరం మీద ఆశ పెట్టుకోకుండా మన చేతిలో ఉన్నవాటి మీద పనిచేద్దాం.

ముందు గేటు దగ్గర. ఇది మీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. తల్లిదండ్రులు లోపలికి రారు, బయటే పిల్లని అప్పజెప్తారు, అందరూ ఒకేసారి రాకుండా పది నిమిషాల తేడాతో టైమ్ ఇవ్వండి. దగ్గు, విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా అని అడగండి, టెంపరేచర్ చూడండి, 38 డిగ్రీల సెల్సియస్, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4, అంతకు పైన ఉంటే ఆ రోజుకి ఇంటికే. లోపలికి రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు. అంతే. జ్వరం లేకుండా కూడా వైరస్ అంటించేవాళ్లు ఉంటారు, అందుకే థర్మామీటర్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఇప్పుడు గుంపులు. స్క్రీన్ మీద చూడండి, ఈ మూడు రంగులు మూడు గదులు. పచ్చ గది పిల్లలు రోజూ పచ్చ గదిలోనే, వాళ్లకి రోజూ అదే టీచర్. ఆట స్థలానికి కూడా వంతులవారీగానే. ఇలా ఉంటే ఒక గదిలో ఎవరికైనా వస్తే ఆ గది మూస్తే చాలు, మొత్తం సెంటర్ మూయక్కర్లేదు. పగలంతా దీన్ని చక్కగా పాటించే సెంటర్లు కూడా సాయంత్రం చేజార్చుకుంటాయి, ఎలాగంటే చివర్లో నలుగురైదుగురు పిల్లలు మిగులుతారు కదా, స్టాఫ్ తగ్గారని వాళ్లందర్నీ ఒకే గదిలో కూర్చోబెడతారు, ఆ ఒక్క గంటలో మూడు గుంపులూ కలిసిపోతాయి. మనుషులు చాలకపోతే మిగిలినవాళ్లని బయట ఆరుబయట కూర్చోబెట్టండి, లేదా ముగించే టైమ్ కొంచెం ముందుకి జరపండి. తల్లిదండ్రులకి ఇబ్బందే, కానీ కారణం చెప్తే అర్థం చేసుకుంటారు.

గాలి విషయానికి వద్దాం. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది ముందు ఇక్కడే. కోవిడ్ వైరస్ మాట్లాడినప్పుడు, ఏడ్చినప్పుడు వచ్చే సన్నని తుంపరల్లో పొగలాగా గదంతా పరుచుకుని చాలాసేపు ఉండిపోతుంది. ఎదురెదురు కిటికీలు తెరవండి. ఒకవైపే కిటికీ ఉంటే ఇదిగో ఇలా, ఫ్యాన్‌ని బయటికి తిప్పి పెట్టండి, లోపలి గాలిని తోసేస్తుంది. పిల్లలు ఎక్కకుండా కిటికీకి గ్రిల్, ఫ్యాన్‌కి జాలీ ఉండాలి, ఇది మాత్రం మర్చిపోకండి.

నా చేతిలో ఉన్న ఈ చిన్న పెట్టె కార్బన్ డయాక్సైడ్ మీటర్, నాకు చాలా ఇష్టమైన పరికరం. ఇది వైరస్‌ని చూపించదు, మనుషులు వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో చూపిస్తుంది. ఆరుబయట 400 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 400 వంతులు, ఆ పైచిలుకు ఉంటుంది, గదిలో 800 దాటకుండా చూసుకోండి. ఇది పెట్టినచోట కిటికీ తెరవాలా వద్దా అని వాదన ఉండదు, అంకె చూసి తెరుస్తారు. ముఖ్యంగా మధ్యాహ్నం నిద్ర టైమ్‌లో చూడండి. చీకటి కోసం కిటికీలు మూస్తాం, కర్టెన్లు వేస్తాం, నిద్రలో పిల్లలకి మాస్కులు ఉండవు, ఉండకూడదు కూడా, అందరూ ఒకే గాలి పీలుస్తూ గంటో రెండు గంటలో పడుకుంటారు. కర్టెన్ వేసినా కిటికీ తలుపు తెరిచే ఉంచండి, పరుపులు ఆరడుగుల దూరంలో వేయండి, ఒకరి తల ఇటు, పక్కవాళ్ల తల అటు. కిటికీలే లేని గదైతే హెపా ఫిల్టర్, అంటే గాలిలోని అతి సన్నని కణాల్ని కూడా పట్టే ఫిల్టర్, ఉన్న ఎయిర్ ప్యూరిఫైయర్ తీసుకోండి, గది సైజుకి సరిపోయేదే.

ఇక బ్లీచ్. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మూతతో కొలిచి పోస్తారు. వాసన ఘాటుగా ఉంటే బాగా పనిచేస్తుందనుకుంటారు. అలా కాదు. ముందు సీసా తిప్పి లేబుల్ చూడండి, సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్‌లో క్రిముల్ని చంపే అసలు మందు, ఎంత శాతం అని రాసి ఉంటుంది. ఇదిగో, ఇక్కడ 5 శాతం. మనకి కావాల్సింది 0.1 శాతం. 5ని 0.1తో భాగిస్తే 50, అందులోంచి ఒకటి తీసేస్తే 49. అంటే ఒక వంతు బ్లీచ్‌కి 49 వంతుల నీళ్లు. లీటరు ద్రావణం కావాలంటే 20 మిల్లీలీటర్ల బ్లీచ్, 980 మిల్లీలీటర్ల నీళ్లు. మీ సీసా మీద 4 శాతం ఉంటే? 4ని 0.1తో భాగిస్తే 40, ఒకటి తీస్తే 39. లీటరుకి 25 మిల్లీలీటర్లు. చూశారా, సీసా మారితే కొలత మారుతుంది, కాబట్టి కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ లేబుల్ చూడాల్సిందే.

కొలవడానికి నేను సూది లేని పెద్ద సిరంజి వాడతాను, మిల్లీలీటర్లు స్పష్టంగా కనిపిస్తాయి. దాన్ని బ్లీచ్‌కే ఉంచండి, మందులకి వాడకండి. బాటిల్‌కి పేపర్ టేప్ అంటించి నీళ్లు ఎక్కడిదాకా పోయాలో గీత గీయండి, తేదీ రాయండి. చల్లటి నీళ్లే వాడండి. రోజుకోసారి కొత్తగా కలపాలి, మిగిలింది మర్నాటికి పనికిరాదు. ఇంకే క్లీనర్‌తోనూ కలపొద్దు, అమ్మోనియా ఉన్నదైనా యాసిడ్ ఉన్నదైనా విషవాయువు వస్తుంది, నిజంగా ప్రమాదం. చేతులకి గ్లవ్స్ వేసుకుని, పిల్లలు గదిలో లేనప్పుడు, కిటికీలు తెరిచి చేయండి.

తుడిచేటప్పుడు ముందు సబ్బు నీళ్లు, తర్వాత బ్లీచ్. మురికి ఉంటే బ్లీచ్ ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది. గుడ్డ ముంచి తుడవండి, గాల్లోకి స్ప్రే చేయొద్దు. తుడిచాక ఆ చోటు కనీసం ఒక నిమిషం తడిగా ఉండాలి. ఇక్కడ టైమర్ పెడుతున్నాను, మీరూ చూడండి, ఒక నిమిషం అనిపించేదానికన్నా పొడుగ్గా ఉంటుంది, వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తే పడిన కష్టం వృథా. డైపర్ మార్చే బల్ల, తలుపు పిడి, కుళాయి, భోజనం బల్ల, వీటి మీద శ్రద్ధ పెట్టండి. గోడలు, నేల రోజుకి అయిదుసార్లు అక్కర్లేదు, ఆ ఓపిక గాలి మీద పెట్టండి.

బొమ్మలు. నోట్లో పెట్టుకున్న బొమ్మ ఇంకో పిల్ల చేతికి వెళ్లేలోపు ఈ ఎర్ర డబ్బాలోకి. సబ్బు, నీళ్లు, బ్లీచ్, మళ్లీ నీళ్లు, గాలికి ఆరబెట్టడం. ఉతకలేని మెత్తటి బొమ్మలు కొన్నాళ్లు తీసేయండి. పుస్తకాల గురించి టెన్షన్ వద్దు, ఉండనివ్వండి.

చంటిపిల్లల్ని ఎత్తుకునేవాళ్లు బట్టల మీద పెద్ద చొక్కా ఒకటి వేసుకోండి, జుట్టు ముడేసుకోండి. ఉమ్మి, చీమిడి అంటితే చొక్కా మార్చి, మెడ, చేతులు కడుక్కుంటే సరిపోతుంది. మరి పిల్లని ఎత్తుకోకుండా ఉండొద్దు, ఏడ్చే పిల్లకి ఒడి కావాలి. మాస్కు పెద్దవాళ్లకే, రెండేళ్లలోపు పిల్లలకి అసలు పెట్టకూడదు, ఊపిరాడకపోతే తీసుకోలేరు. శానిటైజర్ కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్నది, అందని ఎత్తులో.

చివరగా, మధ్యలో జ్వరం వస్తే. ఒక గదో, గాలి ఆడే మూలో ముందే అనుకుని ఉంచండి, పిల్లకి తెలిసిన టీచరే మాస్కు పెట్టుకుని పక్కన కూర్చోవాలి, ఒంటరిగా వదలొద్దు. ఒళ్లు వెచ్చగా ఉన్న పిల్ల ముందు ఫోన్ నంబర్లు వెతుక్కోకూడదు. కాబట్టి ఈ వీడియో ఆపగానే మీ రిజిస్టర్ తీయండి, ప్రతి పిల్ల పేరు ఎదురుగా రెండు నంబర్లు ఉన్నాయో లేదో చూడండి, ఒకసారి అన్నింటికీ ఫోన్ చేసి మోగుతున్నాయో లేదో చూసుకోండి.