అది నెత్తురు కాదు, సందె కెంజాయ!

అన్నా, అక్కా, ముందే చెప్పేస్తున్నా. గ్రహణం నాడు చంద్రుడి మీద పడే ఎరుపు కీడు కాదు, నెత్తురు కాదు. అది సందె వెలుగు! సాయంత్రం మన నెల్లూరు పెన్నా బ్రిడ్జి మీద నిలబడి పడమటికి చూస్తే కనపడుతుందే కెంజాయ, అచ్చం అదే.

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టిన సంగతి మీకు తెలుసు. ఆ వారమంతా ఫోను తెరిస్తే చాలు, ‘రక్త చంద్రుడొస్తున్నాడు’, ‘ఈ రాశులవాళ్లు గడప దాటొద్దు’. మా వీధిలో నిండు చూలాలు ఒకామె ఉంది. ఆ పిల్లను గదిలో పెట్టి, కిటికీకి దుప్పటి కట్టి, గ్రహణం విడిచేదాకా, అంటే రాత్రి దాదాపు ఒకటిన్నర దాకా, గుక్కెడు మంచినీళ్లు ఇవ్వలేదు. ఏందబ్బా ఇది! భయపెట్టినోళ్లు వ్యూస్ లెక్కేసుకున్నారు, ఆ పిల్ల నోరెండబెట్టుకుని కూర్చుంది. నాకు కడుపు మండిపోయింది.

అసలు రక్తమంటే సంస్కృతంలో ఎర్రనిది అని కూడా అర్థం. మన వెలిగొండల్లో పెరిగే ఎర్రచందనాన్ని రక్తచందనం అంటాం కదా? అందులో నెత్తురుందని ఎవురైనా తలుపులేసుకున్నారా? అరగదీసి ముఖానికి రాసుకుంటున్నాం!

సరే, ఎరుపు యాడనుంచి వచ్చిందో చూడండి. ఎండలో అన్ని రంగులూ ఉంటాయి. గాలిలోని అణువులు నీలాన్ని ఎరుపు కన్నా ఐదారు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. పగలు ఆకాశం నీలంగా ఉండేది అందుకే. ఇంగ్లండు శాస్త్రవేత్త రేలీ 1871లోనే దీనికి లెక్క కట్టాడు. నడినెత్తిన ఉన్న సూర్యుడి వెలుగు దాటే గాలి ఒక వంతు అనుకోండి, పొద్దు గుంకేటప్పుడు అడ్డంగా వచ్చే వెలుగు దాటేది సుమారు 38 వంతులు. నీలమంతా దార్లోనే చెదిరిపోయి మన కంటిదాకా వచ్చేది ఎరుపే.

ఇప్పుడు చంద్రుడి దగ్గరికి రండి. భూమి నీడలో పడ్డాడు. భూమికి గాలే లేకపోయుంటే చంద్రుడు నల్లగా మాయమైపోవాల్సిందే. కానీ భూమి అంచున ఉన్న గాలి వెలుగును ఒక డిగ్రీకి పైగా నీడలోకి వంచుతుంది. ఆ వెలుగు మన కెంజాయలాగా నేలకు తగిలి ఆగిపోదు. గాలిలోకి దూరి, మళ్లీ అంతే గాలి దాటి బయటపడుతుంది. అంటే రెండు సందెల ఎరుపు!

ఇది వినండి, నాకైతే ఒళ్లు గగుర్పొడిచింది. ఆ రాత్రి 11 గంటల నుంచి 12 గంటల 22 నిమిషాల దాకా చంద్రుడు పూర్తిగా నీడలో ఉన్నాడు. మనకు నడిరేయి. అదే వేళకు ఆఫ్రికాలో ఘానా వైపు, ఇటు ఇంగ్లండు వైపు పొద్దు గుంకుతోంది. న్యూజిలాండులో తెల్లారుతోంది. ఆ క్షణాన భూమి చుట్టూ ఎన్ని సాయంత్రాలున్నాయో, ఎన్ని తెల్లవారుజాములున్నాయో, వాటన్నిటి వెలుగూ ఒక్కచోట కలిసి పడింది, చంద్రుడి మీద! మా అవ్వను మిద్దె మీదికి ఎక్కించి ఇది చెబితే, ‘అబ్బయా, అయితే అది అందరి సందె దీపమా’ అనింది. నేను ఇంత గొప్పగా చెప్పలేను.

మీలో కొందరంటారు, ‘ఎరుపంతా దుమ్ము వల్ల, పొగ వల్ల’ అని. కాదు! సన్నటి పొగ మన సాయంత్రాలకు కాస్త రంగు పెంచుతుంది, ఒప్పుకుంటా. కానీ 1991లో ఫిలిప్పీన్స్‌లో పినాటుబో అగ్నిపర్వతం పేలి ఆకాశంలోకి బోలెడంత ధూళి ఎగజిమ్మింది. దుమ్మే ఎరుపుకు కారణమైతే, 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు నిప్పులా మండాలి కదా? అసలు కనపడీ కనపడనంత నల్లగా అయిపోయాడు. రంగు వేసేది గాలి, మాపేది మురికి. అందుకే నేనంటాను, ఆ ఎరుపు మన గాలికి తీసిన ఎక్స్‌రే!

దేవుడి మీద నాకేం కోపం లేదు. మా అమ్మ ఊరగాయ జాడీ మీద దర్భ వేస్తుంది, నేనే తెచ్చిస్తా. మన పక్కనున్న శ్రీకాళహస్తిలో గ్రహణ వేళ కూడా గుడి తెరిచే ఉంటుంది, అభిషేకాలు జరుగుతాయి. దానికోసమే జనం ఇళ్లలోంచి బయల్దేరి పోతారు. మరి మన వీధిలో ఆ పిల్లకు గ్లాసుడు నీళ్లివ్వడానికి భయమెందుకు? చంద్రగ్రహణాన్ని మామూలు కళ్లతో చూడొచ్చు, అద్దాలూ అక్కర్లేదు.

2028 డిసెంబరు 31 రాత్రి మనకు మళ్లీ సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. రాత్రి పది దాటాక నెత్తిమీదే ఎర్రటి చంద్రుడు. మైపాడు బీచ్‌లో చాప పరుస్తా. అవ్వ వస్తుంది. మా వీధిలోని ఆ పిల్లనూ, అప్పటికి మూడేళ్లు నిండిన దాని బిడ్డనూ తీసుకొస్తా. మీరూ రండి.