గేమ్ మధ్యలో పీసీ ఆగిపోతోందా? గ్రాఫిక్స్ కార్డు మార్చే ముందు ఇవి చూడండి

అందరికీ నమస్కారం. మామూలు పనులు చేసినంతసేపూ పీసీ బ్రహ్మాండంగా ఉంటుంది. బ్రౌజరు, వీడియోలు, చిన్నా చితకా గేములు, దేనికీ ఇబ్బంది ఉండదు. పెద్ద గేమ్ ఒకటి తెరిచి సెట్టింగులు అల్ట్రాలో పెట్టగానే కథ మొదలు. కాసేపు ఆడేసరికి స్క్రీన్ నల్లబడుతుంది, లేదంటే పీసీ టక్కున ఆగిపోయి దానంతట అదే మళ్లీ ఆన్ అవుతుంది. ఎవరినడిగినా "గ్రాఫిక్స్ కార్డు పోయింది, మార్చెయ్" అంటారు. ఆ మాట ఇప్పుడే నమ్మకండి. లోడ్ పడినప్పుడు కష్టపడేది కార్డు ఒక్కటే కాదు. పవర్ సప్లై, కేబుళ్లు, ర్యామ్, ప్రాసెసర్, డ్రైవర్, అన్నీ కలిసే పనిచేస్తాయి. వాటిలో ఏది చేతులెత్తేసినా బయటికి కనిపించేది మాత్రం ఒకటే, గేమ్ క్రాష్.

అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు క్రాష్ ఎలా అవుతోందో బాగా గమనించండి. గేమ్ మాత్రమే మూసుకుపోయి డెస్క్‌టాప్‌ మీదికి వస్తున్నారా? స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి తిరిగొస్తోందా? బ్లూ స్క్రీన్ వస్తోందా? బొమ్మ పోయినా సౌండ్ వినిపిస్తూనే ఉండి, కార్డు ఫ్యాన్లు హోరుమని తిరుగుతున్నాయా? లేక ఏ మెసేజూ లేకుండా, ప్లగ్గు పీకేసినట్టు మొత్తం ఆగిపోతోందా? ఇవన్నీ ఒకే జబ్బు కాదు. ఏది జరుగుతోందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరవండి, పీసీలో జరిగినవాటిని విండోస్ రాసిపెట్టుకునే చిట్టా అది. విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్. క్రాష్ అయిన టైమ్ దగ్గరికి వెళ్లండి. పీసీ మొత్తం ఆగిపోయి ఉంటే అక్కడ ఎర్ర గుర్తుతో కెర్నల్ పవర్, ఈవెంట్ 41 కనిపిస్తుంది. పేరులో పవర్ అని ఉంది కదా అని చాలామంది వెంటనే పవర్ సప్లై మార్చేస్తారు. నిజానికి ఆ 41 చెప్పేది ఒక్కటే: సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ ఆన్ అయింది, అంతే. కారణమేంటో అది చెప్పదు. దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్ కోడ్ అని ఒక లైన్ ఉంటుంది, చూడాల్సింది దాన్ని. అక్కడ సున్నా ఉంటే, బ్లూ స్క్రీన్ వివరాలు రాసుకునే అవకాశం కూడా విండోస్‌కి దొరకలేదన్నమాట. అంటే కరెంటు తెగి ఉండాలి, లేదా మెషిన్ పూర్తిగా బిగుసుకుపోయి ఉండాలి. సున్నా కాకుండా వేరే నంబర్ ఉంటే అది బ్లూ స్క్రీన్ కోడ్, దాన్ని బట్టి ముందుకెళ్లొచ్చు.

డిస్‌ప్లే అనే పేరుతో ఈవెంట్ 4101 ఉంటే అది వేరే సంగతి. గ్రాఫిక్స్ కార్డుకి పని అప్పగించాక విండోస్ మామూలుగా 2 సెకన్లు ఆగుతుంది. ఈలోగా జవాబు రాకపోతే డ్రైవర్‌ని తనే రీసెట్ చేస్తుంది. స్క్రీన్ నల్లబడి తిరిగి రావడం అందుకే. ఆ రీసెట్ కూడా ఫలించకపోతే వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అని బ్లూ స్క్రీన్ పడుతుంది. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టాలో) ఆ 2 సెకన్లని 10 చేయమని చెప్పే వీడియోలు బోలెడు. నా మాట వింటే ఆ జోలికి పోవద్దు. కార్డు జవాబివ్వకపోవడానికి కారణం అలాగే ఉండిపోతుంది, మీరు ఇంకాస్త ఎక్కువసేపు ఎదురుచూస్తారు, అంతే. వీయా లాగర్ (WHEA-Logger) పేరుతో ఎర్రర్లుంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అవి హార్డ్‌వేర్ స్వయంగా చేస్తున్న ఫిర్యాదులు, చాలాసార్లు ప్రాసెసర్ నుంచో, కార్డు కూర్చున్న స్లాట్ వైపు నుంచో వస్తాయి.

వేడి సంగతి త్వరగా చెప్పేస్తాను. టెంపరేచర్లు చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో (HWiNFO) ప్రోగ్రామ్ పెట్టుకుని, రీడింగులు ఫైల్‌లోకి లాగ్ అయ్యేలా చేసి గేమ్ ఆడండి. క్రాష్ అయ్యాక ఆ ఫైల్‌లో ఆఖరి వరసలు చూడండి. పైకి కనిపించే జీపీయూ (కార్డులోని ప్రధాన చిప్) టెంపరేచర్ ఒక్కటే చూస్తే సరిపోదు, హాట్‌స్పాట్ (ఆ చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు), మెమరీ జంక్షన్ (కార్డు మెమరీ చిప్పుల వేడి) కూడా చూడాలి. ఇవి 110 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే దుమ్ము దులపడం, థర్మల్ పేస్ట్, ప్యాడ్లు, కేస్‌లో గాలి ఆడటం, వీటి మీద పడండి. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఇప్పటి కార్డులు వేడెక్కితే ముందు స్పీడు తగ్గించుకుంటాయి. 65 డిగ్రీల దగ్గర ఉన్న కార్డు టక్కున ఆగిపోతే ఆ తప్పు కోర్ వేడిది కాదు.

ఇక అసలు విషయానికి వద్దాం, పవర్. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకి అందేది 75 వాట్లు. 6 పిన్ కనెక్టర్ మరో 75, 8 పిన్ అయితే 150. కార్డు 350 వాట్లదని డబ్బా మీద రాసి ఉంటే అది సగటు లెక్క. గేమ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కీ లోడ్ లేస్తూ పడుతూ ఉంటుంది. ఆ లేచే క్షణంలో, మిల్లీసెకన్ల పాటు, కార్డు తన రేటింగ్ కంటే చాలా ఎక్కువే లాగుతుంది. మన సాఫ్ట్‌వేర్ గ్రాఫుల్లో ఆ స్పైక్ కనపడదు, అవి అంత వేగంగా కొలవలేవు. కానీ పవర్ సప్లైలోని ప్రొటెక్షన్ సర్క్యూట్ దాన్ని పట్టేసి మొత్తం కట్ చేసేస్తుంది. పీసీ ప్లగ్గు పీకినట్టు ఆగిపోవడం, వెనకాల స్విచ్ ఒకసారి ఆపి వేస్తే గాని మళ్లీ ఆన్ కాకపోవడం, ఈ రెండూ కలిసి కనిపిస్తే నా అనుమానం ముందు దీని మీదే. ఈ స్పైకుల గొడవ ముదిరాకే 2022లో ఏటీఎక్స్ 3.0 ప్రమాణం వచ్చింది. పెద్ద గ్రాఫిక్స్ కార్డుల కోసం ఉద్దేశించిన పవర్ సప్లై తన రేటింగ్‌కి రెట్టింపు లోడ్‌ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని అందులో ఉంది.

కార్డు మీద ఫుల్ లోడ్ పెట్టి పరీక్షించే ఫర్‌మార్క్ అనే ప్రోగ్రామ్ ఉంది. "ఫర్‌మార్క్ గంటసేపు నడిపాను, ఏమీ కాలేదు, అంటే పవర్ సప్లై బాగున్నట్టే కదా" అని అడుగుతుంటారు. కాదండీ. ఫర్‌మార్క్ లోడ్ ఒకే మట్టంలో నిలకడగా ఉంటుంది. పవర్ సప్లైని ఇబ్బంది పెట్టేది ఆ నిలకడ కాదు, ఎగుడుదిగుళ్లు. గేమ్ ఆడుతుంటే కాకుండా మెనూలోనో, లోడింగ్ స్క్రీన్‌లోనో క్రాష్ అయ్యేవాళ్లు ఇది గమనించండి. లిమిట్ పెట్టని మెనూలో ఫ్రేములు వందల్లోకి ఎగబాకుతాయి, కార్డు ఒక్కసారిగా ఫుల్ లోడ్‌కి వెళ్తుంది.

దీన్ని పైసా ఖర్చు లేకుండా పరీక్షించొచ్చు. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి దించండి, గేమ్‌లో ఫ్రేమ్ రేట్‌ని 60 దగ్గర ఆపండి. క్రాష్‌లు మాయమైతే సమస్య పవర్ దారిలోనో వేడిలోనో ఉండొచ్చు. పవర్ లిమిట్ తిరిగి మామూలుగా పెట్టి, కోర్ క్లాక్ మాత్రం 100 మెగాహెర్ట్జ్ తగ్గించినా క్రాష్‌లు ఆగితే, కార్డు తన ఫ్యాక్టరీ ఓవర్‌క్లాక్‌నే (కంపెనీయే పెంచి పంపిన స్పీడునే) మోయలేకపోతోందని అనుమానించాలి. ఎంత తగ్గించినా స్క్రీన్ మీద రంగుల చుక్కలు, గళ్లు కనిపిస్తుంటే వీడియో మెమరీని చూడండి. ఓసీసీటీ అనే పరీక్షల ప్రోగ్రామ్‌లో దానికి ప్రత్యేకంగా వీర్యామ్ (వీడియో మెమరీ) టెస్ట్ ఉంది.

ఇప్పుడు కేస్ తెరవండి. ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసేయండి. కార్డుకి రెండు 8 పిన్ సాకెట్లు ఉండి, ఒకే కేబుల్ చివర ఉన్న రెండు తలలు వాటికి పెట్టి ఉంటే, అది మార్చండి. పవర్ సప్లై నుంచి రెండు వేరు వేరు కేబుళ్లు తెచ్చి పెట్టండి. 16 పిన్ కనెక్టర్ అయితే టార్చ్ వేసి పక్కనుంచి చూడండి. ప్లాస్టిక్ అంచుకీ సాకెట్‌కీ మధ్య సందు కనిపించకూడదు. కనెక్టర్ దగ్గరే కేబుల్ మడత పడకూడదు. బయటికి తీసి ఒక్కో పిన్ చుట్టూ చూడండి, ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరిగినా, కరిగినట్టున్నా మళ్లీ పెట్టొద్దు. ఇంకొక్కటి, ఇది చాలా ముఖ్యం. వేరే పవర్ సప్లైతో వచ్చిన కేబుల్ సరిగ్గా పట్టింది కదా అని వాడకండి. కార్డు వైపు పిన్నులు ఒకటే అయినా, పవర్ సప్లై వైపు వరస కంపెనీకో తీరుగా ఉంటుంది. కార్డో డిస్కో కాలిపోయే ప్రమాదం ఉంది. పవర్ సప్లై డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది.

ర్యామ్ దగ్గరికొస్తే, బయాస్‌లో (పీసీ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో) ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్‌ఎంపీ గాని ఎక్స్‌పో గాని ఆపేసి ఒకరోజు ఆడి చూడండి. క్రాష్ ఆగితే దొంగ దొరికినట్టే. లేకపోతే రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఎక్కువే.

ప్రాసెసర్‌ని ఎవరూ అనుమానించరు, కానీ అనుమానించాలి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల సంగతి గుర్తుందా? అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో తయారైన గేములు "వీడియో మెమరీ చాలడం లేదు" అని చెప్పి మూసుకుపోయేవి. ఆ మెసేజ్ చూసి ఎవరైనా కార్డునే తిట్టుకుంటారు. కానీ లోపం ప్రాసెసర్‌లో ఉంది. ఎక్కువ వోల్టేజీ వల్ల చిప్ లోపల ఒక సర్క్యూట్ అరిగిపోతోందని తేలింది. 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్ సవరణలు) బయాస్ అప్‌డేట్ల ద్వారా వచ్చాయి. ఆ ప్రాసెసర్లకు ఇంటెల్ వారంటీని 2 ఏళ్లు పెంచింది కూడా. మీది ఆ తరందైతే బయాస్ అప్‌డేట్ వెంటనే చేయండి. కానీ అప్పటికే అరిగిన చిప్‌ని ఏ అప్‌డేటూ బాగుచేయదు, దాన్ని మార్పించుకోవాల్సిందే. గేమ్ మొదట్లో షేడర్లు (బొమ్మలు గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతుంటేనే క్రాష్ అవుతోందా? ఆ పని ఎక్కువగా చేసేది ప్రాసెసరే, కాబట్టి చూపు అటు తిప్పండి.

డ్రైవర్ మాట చివర్లో చెబుతున్నానని అనుకోకండి, 4101 కనిపించినవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలి. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్ మొత్తం తుడిచేసి, కొత్తది వేయండి. కొత్త డ్రైవర్ వచ్చాకే గొడవ మొదలైతే, అంతకు ముందుదే వేయండి.

ఏం చేసినా ఒకసారికి ఒక్కటే మార్చండి. డ్రైవర్, కేబుల్, బయాస్ మూడూ ఒకేరోజు మార్చేస్తే పీసీ బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, నెల తర్వాత సమస్య మళ్లీ వస్తే మొదటికి రావాల్సిందే. ఏ రోజు ఏం మార్చారో, ఆ తర్వాత ఏమైందో ఒక కాగితం మీద రాసుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా ఆగకపోతే, కార్డుని సరిపడా పవర్ సప్లై ఉన్న వేరే పీసీలో పెట్టి, ఏ ఓవర్‌క్లాకూ లేకుండా అదే గేమ్ నడపండి. అక్కడా క్రాష్ అయితే కార్డుదే లోపమని చెప్పొచ్చు. వారంటీకి పంపేటప్పుడు లాగ్ ఫైల్, ఈవెంట్ వ్యూయర్ స్క్రీన్‌షాట్, క్రాష్ అవుతున్న వీడియో, మీరు రాసుకున్న కాగితం ఫోటో అన్నీ జత చేయండి. "మా దగ్గర బాగానే నడుస్తోంది" అని వాళ్లు తిప్పి పంపకుండా ఉండాలంటే, ఏ గేమ్‌లో, ఏ సెట్టింగులో, ఎంతసేపటికి క్రాష్ అవుతోందో కూడా వివరంగా రాయండి.