న్యూట్రాన్ చేసే పని

సభలోని పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

పరమాణు నిర్మాణం అనగానే మనం ఎలక్ట్రాన్‌తో మొదలుపెడతాం. 1897లో జె.జె. థామ్సన్ ముందుగా కనుగొన్నది దానినే. రసాయన బంధాలన్నీ దాని చలవే కనుక పాఠాల్లోనూ పెద్దపీట దానికే. మూలకం ఏదో తేల్చేది ప్రోటాన్ల సంఖ్య: 6 ఉంటే కార్బన్, 7 ఉంటే నైట్రోజన్. ఏ ఆవేశమూ లేని న్యూట్రాన్ మాత్రం ద్రవ్యరాశి సంఖ్య, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం, లెక్కగట్టేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. ఈ చిన్నచూపు సరికాదని నా అభిప్రాయం. హనుమకొండ చుట్టూ ఉన్న బండల్లోనూ, సింగరేణి బొగ్గులోనూ దాని పాత్ర ఏమిటో ఇవాళ వివరిస్తాను.

బంగారు రేకు మీద ధనావేశం గల ఆల్ఫా కణాలను ప్రయోగించినప్పుడు కొన్ని వెనక్కి మళ్లడాన్ని గైగర్, మార్స్‌డెన్ 1909లో గమనించారు. పరమాణువులోని ధనావేశమంతా, దాదాపు ద్రవ్యరాశి అంతా, పరమాణువు కంటే పది వేల రెట్లకు మించి చిన్నదైన కేంద్రకంలో ఇమిడి ఉందని దీని ఆధారంగా రూథర్‌ఫర్డ్ 1911లో తేల్చారు. అయినా ఒక చిక్కు మిగిలిపోయింది. హీలియం కేంద్రకం ఆవేశం రెండు ప్రోటాన్లకు సరిపోతుంది, ద్రవ్యరాశి మాత్రం నాలుగింటికి సమానం. ఆ తేడాను సర్దడానికి కేంద్రకంలోనే కొన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయని చాలామంది ఊహించారు. చివరకు 1932లో జేమ్స్ చాడ్విక్, ఆల్ఫా కణాలు తాకిన బెరీలియం నుంచి వెలువడే కిరణాలను పరీక్షించి, అవి పారిస్ శాస్త్రవేత్తలు భావించినట్లు గామా కిరణాలు కావని, ప్రోటాన్‌తో దాదాపు సమానమైన ద్రవ్యరాశి గల తటస్థ కణాలని నిరూపించారు.

ఇంతకీ కేంద్రకానికి న్యూట్రాన్ అవసరమేమిటి? ధనావేశం గల ప్రోటాన్లు ఒకదానినొకటి నెట్టుకుంటాయి. వాటిని కలిపి ఉంచే కేంద్రక బలం ఎంతో శక్తిమంతమైనదైనా అతి సమీపంలోనే పనిచేస్తుంది. న్యూట్రాన్ ఆ ఆకర్షణను పెంచుతుందే తప్ప వికర్షణకు తోడుపడదు. అందుకే తేలిక మూలకాల్లో రెండు కణాలూ ఇంచుమించు సరిసమానంగా ఉంటే, సీసం-208లో 82 ప్రోటాన్లకు 126 న్యూట్రాన్లు కావలసి వచ్చాయి. అలాగని న్యూట్రాన్ ఎక్కడైనా స్థిరమని కాదు. ఒంటరిగా వదిలేస్తే సగటున పావుగంటలోపే ప్రోటాన్‌గా, ఎలక్ట్రాన్‌గా, యాంటీన్యూట్రినో అనే ఆవేశం లేని అతి తేలికైన కణంగా విడిపోతుంది.

ఇప్పుడు మన గ్రానైటు సంగతి చూద్దాం. దానిలోని ఫెల్డ్‌స్పార్ ఖనిజంలో పొటాషియం ఉంటుంది. 19 ప్రోటాన్లతో 20 గానీ 22 గానీ న్యూట్రాన్లు ఉన్న పొటాషియం స్థిరంగా ఉంటుంది. 21 ఉన్న పొటాషియం-40 మాత్రం నిలవదు, ఎందుకంటే కేంద్రక కణాలు జతలుగా ఉండటానికే మొగ్గుతాయి, ఇక్కడ రెండు సంఖ్యలూ బేసే. అలాంటి కేంద్రకాల్లో ఎక్కువ భాగంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి కాల్షియం-40 ఏర్పడుతుంది. మిగిలిన వాటిలో ప్రోటానే ఎలక్ట్రాన్‌ను పట్టుకుని న్యూట్రాన్‌గా మారడంతో ఆర్గాన్-40 పుడుతుంది. పొటాషియం-40 అర్ధాయువు, అంటే ఉన్నదానిలో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, సుమారు 125 కోట్ల సంవత్సరాలు. మన ప్రాంతపు బండలు దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటివి కనుక, అవి గట్టిపడిన నాటి పొటాషియం-40లో నాలుగో వంతే నేడు మిగిలింది. దీనికి భయపడవలసిందేమీ లేదు, మన శరీరంలోని పొటాషియంలోనూ ఇది ఉంది.

బొగ్గు విషయం ఇంకా ఆసక్తికరం. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల తాకిడికి వాతావరణం పై పొరల్లో వెలువడిన న్యూట్రాన్, నైట్రోజన్ కేంద్రకంలోకి చొరబడి ఒక ప్రోటాన్‌ను బయటకు నెడితే, 6 ప్రోటాన్లు, 8 న్యూట్రాన్లు గల కార్బన్-14 తయారవుతుంది. గాలి ద్వారా అది చెట్లలోకి చేరుతుంది. చెట్టు చనిపోయాక కొత్తగా చేరదు, ఉన్నది సుమారు 5,730 సంవత్సరాలకు సగం చొప్పున తగ్గిపోతుంది. సింగరేణి బొగ్గుగా మారిన అడవులు 25 కోట్ల సంవత్సరాలకు పూర్వపువి కాబట్టి, వాటి నాటి కార్బన్-14 ఎప్పుడో అంతరించింది. అందువల్ల రామగుండంలో ఆ బొగ్గును మండించినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో అది ఉండదు, వరిగడ్డి కాల్చినప్పుడు వచ్చే దానిలో ఉంటుంది. రసాయనికంగా రెండూ ఒకే వాయువు. అయినా గాలి నమూనాలో కార్బన్-14 ఎంత తగ్గిందో కొలిచి, అందులో బొగ్గు, చమురు వంటి శిలాజ ఇంధనాల వాటా ఎంతో శాస్త్రవేత్తలు లెక్కగడుతున్నారు.